మీటలు వచ్చినవి, విద్య రాలేదు

ఉద్యోగ విరమణానంతరము నేను డేటాబేసు నేర్వబూనితిని. రాజమహేంద్రవరమున ఒక శిక్షణ కేంద్రమున చేరితిని. తోడి విద్యార్థులందరును నా మనుమల యీడువారు. ఏ మీట నొక్కిన ఏమి జరుగునో బోధకుడు చక్కగా చూపెను. పది దినములలో మీటలన్నియు వచ్చినవి. విద్య మాత్రము రాలేదు. ఎందువలన రాలేదో తెలిసికొనుటయే నాకు మొదటి పాఠమైనది.

అభ్యాసమునకై నా పూర్వ విద్యార్థుల జాబితాను యంత్రమున కెక్కించి, ఈ పట్టణమువా రెందరని ప్రశ్నించితిని. వచ్చిన సంఖ్య మిక్కిలి తక్కువగా నుండెను. వెదకి చూడగా, ఒకచోట రాజమండ్రి యనియు, వేరొకచోట రాజమహేంద్రి యనియు, ఇంకొకచోట రాజమహేంద్రవరమనియు నేనే వ్రాసియుంటిని. మనకు మూడును ఒక్క ఊరే, యంత్రమునకు మూడూళ్లు. తప్పు యంత్రముది కాదు.

జిల్లాల సంగతి ఇంతకంటె చిత్రము. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు అమలాపురము కోనసీమ జిల్లాకు పోయినది. పడమటి గట్టుననున్న కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరినది. ప్రతి విద్యార్థి పేరు ప్రక్కను జిల్లా వ్రాసినవాడు అన్ని వరుసలను దిద్దవలెను. ఊళ్లకు వేరొక పట్టిక నేర్పరచి, ఏ ఊరు ఏ జిల్లాలోనిదో అందులో ఒక్కమారే వ్రాసినవాడు ఊరి కొక్క దిద్దుబాటుతో ముగించును. సమాచారమును ఇట్లు పట్టికలుగా విభజించి, వానికి పరస్పర సంబంధము కల్పించు పద్ధతికి మూలము 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ ప్రకటించిన వ్యాసము.

ఇది మన ఉపాధ్యాయులకు బొత్తిగా క్రొత్త కాదు. అన్నవరము దేవుని చలువవలన మన సీమలో ప్రతి తరగతియందును ఇద్దరు ముగ్గురు సత్యనారాయణలుందురు. వారిని వేరుపరచునది పేరు కాదు, ప్రవేశపు రిజిస్టరులోని సంఖ్య. ఒకరి కిచ్చిన సంఖ్య మరియొకరి కీయము. డేటాబేసువారు ప్రైమరీ కీ యనునది ఇదియే. తెలియకయే మనము జీవితకాలము ఆ విద్యను సాధన చేసితిమి.

చేసితిమి గాని, శ్రద్ధగా చేసితిమా? కొన్ని యేండ్ల క్రిందట ఒక పూర్వ విద్యార్థి నా యింటికి వచ్చెను. ఒక పత్రమున అతని యింటిపేరు పూర్తిగాను, మరియొక పత్రమున పొడి అక్షరములతోను ఉండుటచే, ఇరువురు వేర్వేరు మనుష్యులని యెంచి అతని విద్యార్థివేతనమును నిలిపివైచిరట. ఆ పొడి అక్షరములు నా చేతివ్రాతలోనివే. తొందరలో నేను మిగుల్చుకొన్న అరనిమిషమునకు బదులుగా ఆ బాలుడు నాలుగు నెలలు తిరిగెను. పట్టికలోని ప్రతి వరుస వెనుకను ఒక మనుష్యుడు గలడని నాకు నేర్పినవాడు అతడే.

ఉద్యోగములకు కావలసినది సాఫ్ట్‌వేరు గదా, ఈ తర్కమంతయు దేనికని కొందరందురు. ఒకప్పుడు మన పట్టణములలోని శిక్షణ కేంద్రములలో డీబేస్, ఫాక్స్‌ప్రోలు నేర్పెడివారు. నేడు వాని నడుగువారు అరుదు. వానిలో మీటలు మాత్రమే నేర్చినవాడు మరల మొదటికి వచ్చెను. పట్టికను ఎట్లు విభజింపవలెనో నేర్చినవానికి ఆ జ్ఞానము నేటికిని పనికివచ్చుచున్నది. సాధనములు మారును, ఆలోచన నిలుచును.

కావున ఉపాధ్యాయ సోదరులకు నా మనవి యొక్కటే. పిల్లలను కంప్యూటరు గదికి గొనిపోవుటకు ముందు ఒక వారము కాగితము, పెన్సిలు చేతికిండు. తరగతి గ్రంథాలయమునకు మూడు పట్టికలు గీయుమనుడు: పుస్తకములు, చదువరులు, ఎరవులు. ఒకే పుస్తకము రెండు ప్రతులున్న నేమి చేయవలెను? ఇద్దరు సత్యనారాయణలు ఒకేదినమున పుస్తకములు గొనిపోయిన నెట్లు తెలియును? వారే తగవులాడుకొని తేల్చుకొందురు. ఆ తగవు తీరిననాడు, మీట నొక్కుట నేర్పుటకు ఒక్క గంట చాలును.