ఇల్లు మనదే, కానీ గ్యాస్ పని మన చేతిది కాదు

మన సంఘ కుటుంబాల్లో చాలామంది పిల్లలు నర్సింగ్ ఉద్యోగాలకూ చదువులకూ బ్రిటన్ వెళ్లారు. అక్కడ దాదాపు ప్రతి ఇంట్లో గోడకు ఒక గ్యాస్ బాయిలర్ ఉంటుంది. కుళాయిలో వేడినీళ్లు వచ్చేదీ, చలికాలంలో గదులు వెచ్చబడేదీ దానివల్లే. అది చెడిపోతే కొత్తది కొని బిగించడానికి వేల పౌండ్లు అవుతుంది. "నాలుగు గొట్టాలు కలపడమే కదా, మనమే బిగించుకుంటే పోలేదా?" అనే ఆలోచన చేతిపని తెలిసినవారికి రావడం సహజం. ఆ ఆలోచన మానుకోవాలని మా అభిప్రాయం. అందుకు చట్టం ఒక కారణం, వైద్యం మరో కారణం.

ముందు చట్టం సంగతి చూద్దాం. అక్కడి గ్యాస్ భద్రతా నిబంధనలు 1998లో వచ్చాయి. వాటి ప్రకారం తగిన యోగ్యత లేనివారు ఎవరూ గ్యాస్ పరికరం మీద పని చేయకూడదు. ఆ పనిని వృత్తిగా చేసేవారి పేరు ప్రభుత్వం గుర్తించిన రిజిస్టరులో ఉండితీరాలి. ఆ రిజిస్టరును మొదట కోర్గీ అనేవారు. 2009 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో గ్యాస్ సేఫ్ రిజిస్టర్ వచ్చింది.

రిజిస్టరు షరతు వృత్తిగా చేసేవారికే కదా, సొంత ఇంట్లో చేసుకుంటే తప్పేమిటని కొందరు వాదిస్తారు. యోగ్యత షరతు మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఇల్లు మనది అయినంత మాత్రాన యోగ్యత వచ్చినట్టు కాదు. వంట గది కుళాయి మార్చగలిగినవాడికి గ్యాస్ ఒత్తిడి కొలవడం, మంట సరిగా కాలుతోందో లేదో పరీక్షించడం వచ్చినట్టు కాదు. పైగా ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ బిగించిన సంగతి స్థానిక సంస్థకు తెలియాలి. రిజిస్టరులో ఉన్న ఇంజనీరు తానే ఆ సమాచారం పంపిస్తాడు, ఇంటివారికి సర్టిఫికెట్ వస్తుంది. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారు మొదట అడిగే కాగితాల్లో అదొకటి.

ఇంత కట్టుదిట్టం ఊరికే రాలేదు. 1968 మే 16 తెల్లవారుజామున తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాస్ పేలింది. 18వ అంతస్తులో ఒకామె టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. అంతే, భవనం ఒక మూల మొత్తం పైనుంచి కిందికి కూలింది. నలుగురు చనిపోయారు, ఆమె మాత్రం బతికింది. భవనం కట్టడంలోనే బలహీనత ఉందని విచారణలో తేలింది. అయితే గ్యాస్ బయటికి వచ్చింది మాత్రం పొయ్యికి గొట్టం కలిపేచోట ఉన్న నాసిరకం ఇత్తడి నట్టు విరగడంవల్ల. ఆ పొయ్యిని బిగించింది ఆమెకు తెలిసిన స్నేహితుడు. సాయం చేద్దామనే బిగించాడు, చెడు తలపెట్టి కాదు. ఈ దుర్ఘటన తరువాతే, 1970లో, గ్యాస్ పనివారి రిజిస్టరు మొదలైంది. 1991లో అది తప్పనిసరి అయింది.

పేలుడు అందరికీ కనిపిస్తుంది. వైద్యం చేసే మమ్మల్ని ఎక్కువగా భయపెట్టేది కనిపించని ప్రమాదం. గ్యాస్ పూర్తిగా కాలడానికి గాలి చాలకపోయినా, పొగ బయటికి పోయే గొట్టం సరిగా అమరకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటే దీన్ని 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు గుండెకూ మెదడుకూ ప్రాణవాయువు అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, నీరసం మొదలవుతాయి. జలుబో పైత్యమో అనుకుని పడుకుంటే ఇక లేవకపోవచ్చు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కూడా మోసపోతుంది. రక్తంలో విషం ఉన్నా అది మామూలు అంకెనే చూపిస్తుంది.

బాయిలర్ బిగించినవాడు సాయంత్రానికి తన గదికి వెళ్లిపోతాడు. ఆ గాలి పీల్చేది పక్కగదిలో పడుకున్న పసిబిడ్డ, ముసలితల్లి, మేడమీద అద్దెకున్నవారు. వాళ్లెవరూ ఆ ప్రమాదాన్ని కోరుకోలేదు. అందుకే ఇది నా ఇల్లు, నా ఇష్టం అనే మాట ఇక్కడ చెల్లదని మేము అంటున్నాం. మేడమీద పిట్టగోడ కట్టేది ఇంటి యజమాని కోసం కాదు. తెలియక అంచుకు వెళ్లేవారి కోసం. ఈ చట్టమూ అటువంటిదే.

మరి ఇంటివారు ఏమీ ముట్టుకోకూడదా? అలా కాదు. బాయిలర్ వేయడం, ఆపడం, వేడి ఎంత ఉండాలో అమర్చుకోవడం, పుస్తకంలో చెప్పినట్టు నీటి ఒత్తిడి సరిచేయడం, రేడియేటర్లలో చేరిన గాలి వదలడం ఇవన్నీ చేసుకోవచ్చు. గ్యాస్ గొట్టం, పొగగొట్టం, మంట ఉండే మూసిన పెట్టె, ఈ మూడింటి జోలికి మాత్రం పోకూడదు. పనికి వచ్చిన ఇంజనీరును గుర్తింపు కార్డు అడగండి. అతనికి ఏయే పనులకు అర్హత ఉందో కార్డు వెనుకవైపు రాసి ఉంటుంది. అడగడం అమర్యాద కాదు.

అద్దెకుండే మన పిల్లలు ఇంకొకటి తెలుసుకోవాలి. యజమాని ప్రతి సంవత్సరం రిజిస్టరులోని ఇంజనీరుతో గ్యాస్ పరికరాలు పరీక్ష చేయించి, 28 రోజుల్లో ఆ కాగితం అద్దెవారికి ఇవ్వాలి. 2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లలో బాయిలర్ వంటివి ఉన్న ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాలి. "అద్దె తక్కువ, అడిగితే ఏమనుకుంటారో" అని మొహమాటపడవద్దని పెద్దలు ఫోనులో చెప్పండి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మనకు బాయిలర్లు లేవు కానీ గ్యాస్ గీజర్లు ఉన్నాయి. బజారులో కొని, ప్లంబరుతోనో బావమరిదితోనో స్నానాల గదిలో మేకులు కొట్టించి, సిలిండరుకు తగిలించేస్తున్నాం. చిన్న లెక్క వేసి చూడండి. నిమిషానికి 6 లీటర్ల నీళ్లు ఇచ్చే గీజరు సుమారు 12 కిలోవాట్ల మంట మండిస్తుంది. వంటపొయ్యి బర్నరు 2, 3 కిలోవాట్లు మాత్రమే. పావుగంట స్నానానికి పావుకిలో గ్యాస్ కాలుతుంది. అది కాలడానికి సుమారు 3 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న గదిలో ఉండేది 8 ఘనపు మీటర్ల గాలే. చలికి కిటికీ మూసుకుంటాం. ఒకరి తరువాత ఒకరు స్నానం చేస్తారు. చివరికి వెళ్లినవారికి ఏమి మిగులుతుంది?

బ్రిటన్ నిబంధనల ప్రకారం స్నానాల గదిలో గ్యాస్ పరికరం పెట్టాలంటే అది గాలిని బయటినుంచే తీసుకుని పొగను బయటికే వదిలే మూసిన రకం అయి ఉండాలి. మన దేశంలో గీజరు బిగించేవారికి అటువంటి తప్పనిసరి రిజిస్టరు లేదు. ఉండాలని మేము కోరుతున్నాం. అమ్మిన కొట్టువారే శిక్షణ పొందిన మనిషిని పంపాలి. బిగించినవాడు పేరు రాసి సంతకం పెట్టాలి. దీనివల్ల ఖర్చు కొంత పెరుగుతుంది. పేదకుటుంబానికి అది భారమేనని మాకు తెలుసు. కానీ అంత ఖర్చు పెట్టలేనివారికి బకెట్ నీళ్లు పొయ్యిమీద కాచుకోవడమో, కరెంటు గీజరో మేలు. ప్రాణం పెట్టి ఆదా చేసే డబ్బు ఆదా కాదు.

చట్టం వచ్చేదాకా గీత మనమే గీసుకోవాలి. గ్యాస్ గీజరును స్నానాల గది బయట, గాలి ఆడే చోట పెట్టించండి. లోపల ఇప్పటికే ఉంటే వాడకం ఆపి మార్పించండి. గ్యాస్ గొట్టం ఐఎస్ఐ గుర్తు ఉన్నదే వాడి, 5 సంవత్సరాలకు ఒకసారి మార్చండి. వంటగ్యాస్ వాసన వస్తే 1906కు ఫోను చేయండి.

స్నానానికి వెళ్లినవారు పలకకపోతే తలుపు పగలగొట్టి ముందు బయటి గాలిలోకి తీసుకురండి. గ్యాస్ కట్టేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మూర్ఛ అనో, గాలి సోకిందనో ఆలస్యం చేయవద్దు. మామూలు గాలిలో ఈ విషం సగం తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ప్రాణవాయువు ఇస్తే గంటన్నర లోపే సగం తగ్గుతుంది. వచ్చిన వెంటనే "ఇంట్లో గ్యాస్ గీజరు ఉంది" అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట మాకు ఎంతో సమయం ఆదా చేస్తుంది.