వాట్ల వ్యామోహం

మగవాళ్ళకి చీరల పిచ్చి లేదుగానీ వాట్ల పిచ్చి ఉంది. ఇంట్లో 50 వాట్ల యాంప్లిఫయరు నిక్షేపంలా పాడుతుంటే, మా వారికి 100 వాట్లది కావాలిట! మోత రెట్టింపవుతుందని కాబోలు. అవదండీ. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఆర్ట్సు చదివిన నాకే అర్థమైన ఈ లెక్క షాపువాడు మాత్రం చచ్చినా చెప్పడు.

స్పీకర్లతో వచ్చే కాగితం ఎవరైనా చదువుతారా? ఒక్క వాటుకి 87 డెసిబెల్స్ పలికేవి తీసేసి 90 పలికేవి పెడితే చాలు, పాత యాంప్లిఫయరుకే వాట్లు రెట్టింపైనట్టు. ఓములూ చూసుకోవాలి. 8 ఓములకి తయారైనదానికి 4 ఓముల స్పీకర్లు తగిలిస్తే కరెంటు ఎక్కువ లాగి, పెట్టె వేడెక్కిపోతుంది. పెళ్ళికి జాతకాలు కలిపే పెద్దమనుషులు ఇక్కడ కలిపి చూడరేం?

పైగా, రోజూ పాట వినేది నేను. మధ్యాహ్నం వేళ సుబ్బులక్ష్మిగారిని సన్నగా పెట్టుకుంటాను. దానికి ఒక్క వాటు కూడా ఖర్చవదు. మిగతా 99 ఎవరికోసం, స్నేహితులకి చూపించడానికా? కొనేటప్పుడు అక్కర్లేని నేను దుమ్ము తుడవడానికి మాత్రం కావాలి.

డబ్బు బీరువాలోనే ఉంది. తాళాలు నా దగ్గరున్నాయి. స్పీకర్లకైతే తీస్తాను.