"కొంచెం చిక్కుగా ఉంది సార్"

1951 ఏప్రిల్. కొరియాలో ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ 29వ బ్రిగేడ్ మీద చైనా సేన విరుచుకుపడింది. అందులో గ్లోస్టర్స్ అనే బెటాలియన్‌ని నాలుగు వైపులా చుట్టేశారు. పరిస్థితి ఏంటని పై అమెరికన్ జనరల్ అడిగితే, బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ఇచ్చిన జవాబు మన భాషలో దాదాపు ఇదీ: "కొంచెం చిక్కుగా ఉంది సార్."

ఇదే మాట ఇంకో బ్రిటిష్ ఆఫీసర్ వింటే "మునిగిపోయాం" అని అర్థం చేసుకునేవాడు. అమెరికన్‌కి మాత్రం "కష్టమే, నెట్టుకొస్తున్నాం" అన్నట్టు వినిపించిందని చెబుతారు. చివరికి ఆ బెటాలియన్‌లో 500 మందికి పైగా ఖైదీలుగా చిక్కారు. అంతా ఆ ఒక్క మాట వల్లే అనను, అవతలి సేన లెక్కే వేరు. కానీ ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది అమెరికన్‌ని చూసి నవ్వుతారే, అది నాకు నచ్చదు. ఇద్దరిదీ ఇంగ్లీషే కదా! "క్వైట్ గుడ్" అంటే అమెరికాలో "చాలా బాగుంది". బ్రిటన్‌లో చాలాసార్లు "పర్వాలేదులే". వినేవాడి దగ్గర డీకోడర్ ఉందో లేదో చూసుకోకుండా ఎన్‌కోడ్ చేసి పంపితే తప్పెవరిది?

అలాగని తగ్గించి మాట్లాడటమే తప్పని కాదు. 1982 జూన్ 24 రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి ఇండోనేషియా మీదుగా వెళ్తూ గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలో ఇరుక్కుంది. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులతో "మాకో చిన్న సమస్య వచ్చింది" అన్నాడు. అచ్చమైన బ్రిటిష్ మాట! కానీ అక్కడ ఆగలేదు. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయనీ, మళ్లీ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నామనీ ఆ వెంటనే చెప్పేశాడు. విశేషణం చిన్నదే, విషయం మాత్రం మొత్తం చెప్పాడు. అందుకే ఏ దేశం వాడికీ అపార్థం కాలేదు. (ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి, జకార్తాలో అందరూ క్షేమంగా దిగారు.)

బ్రోడీ చెప్పనిది సరిగ్గా ఆ రెండో వాక్యమే.

ఇదంతా తెల్లోళ్ల గొడవ అనుకోకండి. పోయిన సెమిస్టర్ ప్రాజెక్ట్ రివ్యూలో "కొంచెం పని మిగిలింది సార్" అన్నాను. సార్ తల ఊపి, "సరే, డెమో రేపు పెట్టుకుందాం" అన్నారు.

మా బోర్డు అప్పటికే కాలిపోయి రెండు రోజులైంది.