పొలం కౌలుకిచ్చారా? ఖర్చు కూడా పంచుకోండి



యాసంగి కోతలవగానే బోధన్ దారిలో వరి కొయ్యలు కాల్చిన పొగ స్కూలు బస్సుల దాకా వస్తుంటుంది. ఆ పొగలో పోయేది మట్టి బలమే. టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం, 5 కిలోలకు పైగా నత్రజని ఉంటాయి. కాలిస్తే చాలావరకు గాలిపాలు. కలియదున్నితే కొంత కర్బనం నేలలో నిలుస్తుంది, నత్రజని మళ్లీ పైరుకు అందుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక అక్కడి ప్రెస్‌మడ్ ఎరువు కూడా లేదు.

మీలో చాలామంది ఊళ్లో పొలం కౌలుకిచ్చి ఉంటారు. కౌలు మాట్లాడేటప్పుడే ‘కొయ్యలు కాల్చొద్దు’ అనండి. ఉత్త షరతు పెడితే కౌలురైతుకు భారం. రోటావేటర్ కిరాయిలో సగం మీరివ్వండి. ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి దున్నిస్తే కొయ్యలు తొందరగా కుళ్లుతాయి. భూమి మీది. సారం పోతే నష్టం మీ పిల్లలకే.