బండి నడపలేని రోజున ఊరెవరిది?

ముసలితనం గురించి మాట్లాడవలసి వస్తే మనం పెన్షన్ గురించి మాట్లాడతాం, ఆస్పత్రి గురించి మాట్లాడతాం, కొడుకులు చూడడం లేదని బాధపడతాం. గడప దాటి తన ఇష్టప్రకారం బయటికి వెళ్లి రాగలగడం కూడా ఒక హక్కేనని మాత్రం చాలా అరుదుగా అంటాం. అందులోనూ ముసలి ఆడమనిషి విషయంలో అసలే అనం. ఈ వయసులో ఆమెకు బయట పనేముంటుంది అనుకుంటాం. ఈ ఆలోచన తప్పని చెప్పడానికి నేను ఒక దూరదేశపు ఊరిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎందుకంటే ముసలివాళ్ల కోసమే, కేవలం వాళ్ల కోసమే కట్టిన ఊరది. ప్రపంచంలో అంతకన్నా పెద్దది మరొకటి లేదని చెప్పుకుంటారు. అటువంటి చోటే ఈ హక్కు గల్లంతైందంటే మన సంగతి ఎలా ఉండబోతోందో ఆలోచించుకోవచ్చు.

ఆ ఊరి పేరు ది విలేజెస్. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం నడిబొడ్డున ఉంది. దీని పుట్టుకే ఒక వ్యాపారం కథ. హెరాల్డ్ ష్వార్జ్ అనే వ్యాపారి 1960లలో ఉత్తరాల ద్వారా దూరప్రాంతాల వారికి భూములు అమ్మేవాడు. 1968లో చట్టం ఆ వ్యాపారాన్ని కట్టడి చేసింది. మిగిలిపోయిన భూమిలో ఆరెంజ్ బ్లాసమ్ గార్డెన్స్ పేరుతో చౌక ఇళ్ల కాలనీ పెట్టారు. 1980లలో ఆయన కొడుకు గ్యారీ మోర్స్ రంగంలోకి దిగి గోల్ఫ్ మైదానాలు, క్లబ్బులు, ఈత కొలనులు చూపించి ఇళ్లు అమ్మడం మొదలుపెట్టాడు. 1992లో ఊరికి ఇప్పటి పేరు పెట్టారు. ఇక్కడ ఇల్లు కొనాలంటే ఇంట్లో ఒకరికైనా 55 ఏళ్లు నిండాలన్నది సాధారణ నియమం. చాలా పేటల్లో 19 ఏళ్ల లోపు పిల్లలు కాపురం ఉండకూడదు, మనవళ్లు చుట్టపుచూపుగా వచ్చి పోవలసిందే.

ఇక జనాభా సంగతి చూద్దాం. 2010 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనాభా 51,442. 2020 నాటికి 79,077. ఊరిలో అధిక భాగం ఉన్న సమ్టర్ కౌంటీ జనాభా అదే పదేళ్లలో సుమారు 93 వేల నుంచి దాదాపు లక్షా 30 వేలకు చేరింది. అంటే 39 శాతం పెరుగుదల. ఆ దశాబ్దంలో అమెరికా మొత్తంలో ఇంత వేగంగా పెరిగిన మెట్రో ప్రాంతం మరొకటి లేదు. ఈ పెరుగుదల పిల్లలు పుట్టి వచ్చింది కాదు. కౌంటీలో సగానికి పైగా జనం 65 దాటిన వాళ్లే. ప్రతి పెరుగుదలా ఒక అమ్మకం, ఒక కొత్త ఇల్లు, ఒక కొత్త కారు, ఒక కొత్త గోల్ఫ్ బండి.

గోల్ఫ్ బండే ఈ ఊరి ప్రత్యేకత. బండ్ల కోసం వంద మైళ్లకు పైగా దారులు వేశారు, హైవేల మీదుగా వంతెనలు, కింద సొరంగాలు కట్టారు. 2005లో 3,321 బండ్లను వరుసగా నడిపించి గిన్నిస్ రికార్డుకెక్కారు. ఫ్లోరిడాలో ఉంటున్న మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ఈ ఊరు చూశాను. చూసినంతసేపూ ముచ్చటగానే ఉంది. తల నెరిసిన ఆడవాళ్లు బజారుకీ, నాట్యం క్లాసుకీ, స్నేహితుల ఇంటికీ తమంతట తామే నడుపుకుంటూ పోతున్నారు. మన దగ్గర ఆ వయసు ఆడవాళ్లకు దక్కని స్వేచ్ఛ అది, కాదనను. నా తగాదా ఆ ఆడవాళ్లతో కాదు. ఆ స్వేచ్ఛకు ఎవరూ చెప్పని ఒక షరతు ఉంది. అదేమిటంటే, నువ్వు నడపగలిగినంత కాలమే.

కళ్లకు శుక్లాలొస్తాయి, చేతులు వణుకుతాయి, మతిమరుపు వస్తుంది. అప్పుడేమిటి? 70 దాటిన అమెరికన్ల మీద 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం డ్రైవింగ్ మానేశాక పురుషులు సగటున ఆరేళ్లు, స్త్రీలు పదేళ్లు ఇతరుల సాయంతోనే ప్రయాణం చెయ్యవలసి వస్తుంది. ఆడవాళ్ల ఆయుష్షు ఎక్కువ, పైగా స్టీరింగ్ ముందుగా వదిలేసేదీ వాళ్లే. భర్త బతికున్నంత కాలం కారు ఆయన చేతిలో ఉంటుంది. ఆయన పోయాక ఆమెకు ఇల్లు మిగులుతుంది, కారు మిగులుతుంది, బయటికి వెళ్లే దారి మాత్రం మిగలదు. ఈ పదేళ్లూ ఊరి కరపత్రాల్లో ఎక్కడా కనిపించవు. కరపత్రంలో ఎప్పుడూ నవ్వుతున్న జంటే ఉంటుంది, ఒంటరి విధవ ఉండదు.

కారు లైసెన్సు పోయినా గోల్ఫ్ బండి ఉందిగా అంటారు కొందరు. నిజమే, అక్కడి చట్టం ప్రకారం పెద్దవాళ్లు గోల్ఫ్ బండి నడపడానికి డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. 2023 అక్టోబరు నుంచి ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉంటే చాలన్నారు. అంటే కారు నడపడానికి పనికిరావని రాజ్యం తేల్చిన మనిషిని, తలుపుల్లేని, సీటు బెల్టు తప్పనిసరి కాని బండిలో కూర్చోబెట్టి నీ తిప్పలు నువ్వు పడు అంటున్నారన్నమాట. ఇది స్వేచ్ఛ కాదు, బాధ్యత తప్పించుకోవడం. బస్సు వెయ్యవలసిన చోట ప్రమాదాన్ని ఆ మనిషి నెత్తిన పెట్టడం.

మరి అంత పెద్ద ఊళ్లో బస్సు లేదా? కౌంటీ వారు చిన్న బండ్లు నడుపుతారు, ముందుగా ఫోను చేసి చెప్పుకుంటే ఇంటికొచ్చి తీసుకెళతారు. అది అవసరమే, దాన్ని తక్కువ చెయ్యను. కానీ స్టాపులో నిలబడితే పది నిమిషాలకొకటి వచ్చే సిటీ బస్సుతో దానికి పోలికే లేదు. ఇక్కడొక చట్టం సంగతి గమనించాలి. వికలాంగుల హక్కుల కోసం అక్కడ 1990లో గొప్ప చట్టం వచ్చింది. నిర్ణీత దారిలో బస్సులు నడిపే ప్రభుత్వ సంస్థ, ఆ బస్సు ఎక్కలేని వికలాంగుల కోసం ఆ దారి పక్కనే వేరే వాహనం కూడా పెట్టి తీరాలని అది చెబుతుంది. అంటే హక్కు బస్సును అంటిపెట్టుకుని ఉంది. బస్సు దారే లేని చోట ఆ హక్కు అడగడానికి ఆధారమే ఉండదు. బస్సు వెయ్యకపోవడం ఖర్చు మిగుల్చుకోవడం మాత్రమే కాదు, హక్కు పుట్టకుండా చూసుకోవడం కూడా.

రోడ్లకు మాత్రం డబ్బుంటుంది. ఆ డబ్బు ఎవరిదో చూద్దాం. ఊరు దక్షిణానికి విస్తరిస్తూ ఉండగా 2019లో కౌంటీ పాలకమండలి ఆస్తిపన్నును ఒక్కసారిగా 25 శాతం పెంచింది. బిల్డరు కొత్త పేటలు వేసుకోవడానికి మేమెందుకు కట్టాలని పెన్షనుదార్లు తిరగబడ్డారు. 2020 ఎన్నికల్లో పాలకమండలి సభ్యులు ముగ్గుర్ని ఓడించి తమవాళ్లను గెలిపించుకున్నారు. కొత్తవాళ్లు 2021లో, కొత్త ఇళ్లు కట్టేవారు రోడ్ల కోసం చెల్లించే రుసుమును 75 శాతం పెంచారు. వెంటనే రాష్ట్ర శాసనసభ అడ్డుపడింది. మామూలు పరిస్థితుల్లో అటువంటి రుసుము పెంపు 50 శాతం దాటరాదు, అదీ విడతల వారీగానే అని అదే సంవత్సరం చట్టం చేసింది. డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లు వీధికెక్కి, ఓటు వేసి, గెలిచి కూడా తమ రోడ్డు ఖర్చు ఎవరు భరించాలో తేల్చుకోలేకపోయారు.

ఇంకొక వింత వినండి. ఫ్లోరిడాలో 1980 నాటి చట్టం కింద ఇటువంటి కొత్త ఊళ్లకు ప్రత్యేక అభివృద్ధి జిల్లాలు ఏర్పాటు చేస్తారు. వాటి బోర్డులకు మొదట్లో మనిషికొక ఓటు కాదు, ఎకరానికొక ఓటు! జనం తగినంతమంది చేరి, ఆరేళ్లు గడిచాక గానీ ఆ బోర్డులు ఓటర్ల చేతికి రావు. దారి ఎటు వెయ్యాలి, ఎక్కడ వంతెన కట్టాలి, నడిచే మనిషికి చోటు ఉంచాలా వద్దా అన్న నిర్ణయాలు అప్పటికే సిమెంటులో గట్టిపడి ఉంటాయి. భూమి ఉన్నవాడికే ఓటు అన్న పద్ధతి మనకు బాగా తెలిసినదే. ఆస్తి లేని ఆడదానికి ఆ లెక్కలో ఎప్పుడూ చోటు లేదు.

ఇక రేపటి రవాణా పేరుతో జరిగింది చూడండి. వాయేజ్ అనే కంపెనీ 2017లో ఈ ఊరికి డ్రైవరు లేని టాక్సీలు తెస్తామని ప్రకటించింది. 750 మైళ్ల రోడ్లు, లక్షా పాతిక వేల జనం, అందరికీ ఇంటి ముంగిట కారు అన్నారు. పత్రికలు పొగిడాయి. 2021లో ఆ కంపెనీని క్రూజ్ అనే మరో కంపెనీ కొనేసింది. 2024 డిసెంబరులో క్రూజ్ యజమాని జనరల్ మోటార్స్ ఆ టాక్సీ వ్యాపారానికి ఇక డబ్బు పెట్టనని చెప్పింది. ముసలివాళ్లు ప్రయోగానికి పనికొచ్చారు, సేవకు పనికిరాలేదు. నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. రేపు నిజంగా మంచి బండి వస్తే రానివ్వండి. కానీ కంపెనీ దయ మీద వచ్చినది కంపెనీ లెక్క కుదరనప్పుడు పోతుంది. హక్కు అలా పోదు, పోకూడదు. రేపు వచ్చే అద్భుతం పేరు చెప్పి ఇవాళ్టి బస్సును ఎగ్గొట్టే ఎత్తును మనం పసిగట్టాలి.

ఈ ఊరిని నడిపే వాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. ముసలివాళ్లకు స్నానం చేయించేవాళ్లు, మందులిచ్చేవాళ్లు, ఇళ్లు ఊడ్చేవాళ్లు, హోటళ్లలో వడ్డించేవాళ్లు ఎవరు? అమెరికా అంతటా ఇంటికొచ్చి సంరక్షణ చేసే పనివారిలో అత్యధికులు ఆడవాళ్లే. అందులో నల్లజాతివారు, వలస వచ్చినవారు చాలామంది. వాళ్ల జీతానికి ఈ ఊళ్లో ఇల్లు దొరకదు. చిన్న పిల్లలుంటే చాలా పేటల్లో ఉండనివ్వరు కూడా. బయటి నుంచి పాత కార్లలో రావాలి, కారు చెడితే ఆ రోజు కూలి పోతుంది. పేదరాలి ప్రయాణం కుంటుపడితే ధనవంతురాలి మంచం దగ్గర మనిషి ఉండదు. ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరికీ కావలసింది ఒకటే బస్సు.

డబ్బున్న తెల్లవాళ్ల గోల మనకెందుకమ్మా అని మీరడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, మనవాళ్లు అక్కడ ఉన్నారు. మనవళ్లను పెంచడానికని అమెరికా వెళ్లిన తెలుగు తల్లులు శివారు కాలనీల్లో ఎలా ఉంటున్నారో నేను చూశాను. ఊళ్లో కూరల బజారుకీ, గుడికీ, మహిళా సంఘం మీటింగుకీ ఒంటరిగా వెళ్లొచ్చిన మనిషి అక్కడ కొడుకో కోడలో శనివారం తీసుకెళితే తప్ప వీధి మొహం చూడదు. రోడ్లు అద్దంలా ఉంటాయి, బస్సు ఉండదు. ఆమె నోరు తెరిచి అడగదు, అడిగితే పిల్లలకు ఇబ్బంది అనుకుంటుంది.

రెండు, అదే నమూనా ఇక్కడికి వస్తోంది. హైదరాబాదు చుట్టూ, నగరానికి దూరంగా, పెద్దవాళ్ల కోసమని గేట్లు పెట్టిన కాలనీలు అమ్ముతున్నారు. డాక్టరుంటాడు, యోగా ఉంటుంది, తోట ఉంటుంది అని చెబుతారు. గేటు నుంచి బస్సు స్టాపు ఎంత దూరమో మాత్రం చెప్పరు. పనిమనిషి ఎలా వస్తుందో అసలే చెప్పరు.

మన దగ్గర బస్సు కోసం ఆడవాళ్లు సాధించుకున్నది తక్కువేం కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. దాని మీద ఎన్ని వెటకారాలు విన్నాం! పనీపాటా లేకుండా తిరుగుతున్నారట! మగవాడు పని లేకుండా సెంటర్లో నిలబడితే అది కాలక్షేపం, ఆడది అక్కను చూడ్డానికి వెళితే అది దుబారా. తిరగడం కూడా హక్కేనని మనం గట్టిగా చెప్పాలి. అయితే టిక్కెట్టు లేకపోవడంతో సరిపోదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ మెట్టు అందుతుందా? స్టాపులో నీడ, కూర్చోవడానికి బల్ల, దగ్గర్లో మరుగుదొడ్డి ఉన్నాయా? ముసలమ్మ ఎక్కేదాకా డ్రైవరు ఆగుతున్నాడా? బస్సులే తగ్గిపోతే ఉచితం దేనికి?

జనం లేని బస్సు నష్టమంటారు. ఆస్పత్రి మంచం ఖాళీగా ఉంటే నష్టమని ఎత్తేస్తామా? వెళ్లగలిగిన మనిషి డాక్టరు దగ్గరికి వేళకు వెళుతుంది, నలుగురితో మాట్లాడుతుంది, మంచాన పడకుండా ఉంటుంది. ఆ లాభం ఏ డిపో పద్దులోనూ రాయరు.

కాబట్టి మన సంఘాలు ఇప్పటి నుంచే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పెద్దల కాలనీ అయినా మరే కాలనీ అయినా బస్సు దారి, నడిచే దారి చూపించకుండా లేఅవుటుకు అనుమతి ఇవ్వకూడదు. కొత్త ఊరికి రోడ్డు, బస్సు ఖర్చులో బిల్డరు వాటా ముందే కట్టించుకోవాలి. స్టాపులు, మెట్లు, వేళలు నిర్ణయించేటప్పుడు ముసలి ఆడవాళ్లను, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ప్రతి జిల్లాలో మనమే ఒక డిపోను ఎంచుకుని, అరవై దాటిన స్త్రీలు ఎక్కడ ఎక్కలేకపోతున్నారో స్టాపు స్టాపుకీ తిరిగి రాసుకుందాం. ఆ కాగితాలతో డిపో మేనేజరు దగ్గరికి, కలెక్టరు దగ్గరికి వెళదాం. ముసలివాళ్లను తీసుకునే వెళదాం, బస్సులోనే వెళదాం.