కెమెరా ఊగితే ఊగింది గాని...

పోయిన దసరా సెలవులకి ఊళ్లకి పోకుండా హాస్టల్లో మిగిలిపోయినవాళ్లం పద్నాలుగు మందిమి. రికార్డులు పూర్తి చెయ్యాలని కొందరు, చార్జీలకి డబ్బుల్లేక కొందరు, ఇంటికెళ్తే పెళ్లి మాట ఎత్తుతారన్న భయంతో ఒకరిద్దరు. మెస్సు మూసేశారు. పొద్దు పోదు. అటువంటి సమయంలో కామన్ రూము గోడకి దుప్పటి కట్టి, డిపార్టుమెంటులో బతిమాలి తెచ్చుకున్న ప్రొజెక్టరుతో వరసగా మూడు రాత్రులు మూడు సినిమాలు చూశాం. జేసన్ బోర్న్ అనే గూఢచారి కథ. 2002లో వచ్చిన 'ది బోర్న్ ఐడెంటిటీ', 2004లో 'ది బోర్న్ సుప్రిమసీ', 2007లో 'ది బోర్న్ అల్టిమేటమ్'. మూడో రాత్రి బొమ్మ అయిపోయాక మొదలైన వాదన టీ కొట్టు తెరిచేదాకా సాగింది. ఆ వాదనలో నేను ఓడిపోయాను. సావనీరు సంపాదకులు దయతలచి పేజీ ఇచ్చారు గనుక ఇక్కడ నన్ను మధ్యలో ఆపేవాడెవడూ లేడు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. మధ్యధరా సముద్రంలో తేలుతున్న ఒక మనిషిని చేపల పడవవాళ్లు పైకి లాగుతారు. వీపులో తూటాలు. తానెవరో తనకే గుర్తు లేదు. మొదటి సినిమా అంతా ఆ వెతుకులాటే. రెండోదానిలో ప్రియురాలు మారీతో కలిసి మన గోవాలో తలదాచుకుంటే అక్కడికీ హంతకుడొస్తాడు. అతనికి గురిపెట్టిన తూటాకి ఆమె పోతుంది. మూడోదానిలో తనను ఈ పనికి తయారు చేసిందెవరో, ఎలాగో తేల్చుకోవడానికి లండన్, మాడ్రిడ్, టాంజియర్ల మీదుగా న్యూయార్కు చేరతాడు. రాబర్ట్ లుడ్లమ్ 1980, 1986, 1990 సంవత్సరాల్లో రాసిన మూడు నవలల పేర్లే వీటికి పెట్టుకున్నారు గాని, మూడో నవలకీ మూడో సినిమాకీ పేరు తప్ప పెద్ద చుట్టరికం లేదు.

ఇక మావాళ్ల అభిప్రాయాలు. మొట్టమొదటి ఫిర్యాదు తలనొప్పి. "కెమెరా పట్టుకున్నవాడికి చలిజ్వరమా?" అన్నాడు మా రూమ్మేటు. ఈ ఫిర్యాదు మా హాస్టలుకే పరిమితం కాదు. 2007లోనే అమెరికాలో దీనిమీద పెద్ద రభస జరిగింది. కడుపులో తిప్పిందని, కళ్లు తిరిగాయని విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌కి పాఠకులు ఉత్తరాలు రాశారు. సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ పనిగట్టుకుని లెక్క కట్టాడు: ఇందులో ఒక్కో షాటు సగటున రెండు సెకన్లే ఉంటుందట. మన సినిమాలో హీరోగారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకునే వ్యవధిలో అక్కడ పది షాట్లు అయిపోతాయన్నమాట. మొదటి సినిమా తీసిన డగ్ లైమన్ ఇంత ఊపలేదు. తక్కిన రెండూ తీసిన పాల్ గ్రీన్‌గ్రాస్ డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడు. ఏదో జరుగుతుంటే పరుగెత్తుకెళ్లి తీసినట్టు ఉండాలని ఆయన పట్టుదల.

నా మట్టుకు నాకు ఈ ఊపు మీద పేచీ లేదు. లండన్ వాటర్లూ స్టేషను ఘట్టం చూడండి. నిజమైన ప్రయాణికుల మధ్యనే తీశారు. రహస్యం బయటపెట్టబోతున్న పత్రికా విలేఖరి జేబులోకి బోర్న్ ఒక ఫోను జారవిడిచి, ఆ గుంపులో అతన్ని అడుగడుగునా మాటలతో నడిపిస్తాడు. ఆగమంటే ఆగాలి, వంగమంటే వంగాలి. చివరికి ఆ విలేఖరి భయం పట్టలేక, చెప్పిన మాట వినకుండా బయటికొచ్చి తూటాకి బలైపోతాడు. అక్కడ కెమెరా నిశ్చలంగా ఉంటే ఆ భయం మనకి ఎక్కేది కాదు. అలాగే టాంజియర్లో మేడల మీద పరుగులు పెట్టి, కిటికీలోంచి దూకి, ఇరుకు గదిలో పుస్తకంతోటీ తువ్వాలుతోటీ కొట్టుకునే పోరాటం. సంగీతం లేదు. రొప్పులూ దెబ్బలూ తప్ప వేరే చప్పుడు లేదు. కూర్పుకీ, శబ్దానికీ కలిపి మూడు ఆస్కార్లు ఈ సినిమాకి ఊరికే రాలేదు.

రెండో అభిప్రాయం గణితం చదివే మిత్రుడిది. అతనికి కథ నచ్చలేదు, లెక్క నచ్చింది. రెండో సినిమా చివర సి.ఐ.ఏ. అధికారిణి పమేలా లాండీ ఫోనులో బోర్న్‌కి అతని అసలు పేరు డేవిడ్ వెబ్ అని, పుట్టిన తేదీ ఫలానా అని చెప్తుంది. మూడో సినిమా సగం దాటాక అదే సంభాషణ మళ్లీ వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఆ తేదీలో ఒక చిరునామా దాచిందని. పోయినసారి వీడ్కోలుగా విన్నది ఈసారి సంకేతమైంది. "మూడేళ్ల కిందటి ముగింపుని తెచ్చి కథ నడుముకి ఎంత చక్కగా అతికించారు!" అని మావాడు మురిసిపోయాడు. సినిమాలంటే చిన్నచూపు గల ఒక లెక్చరరుగారు (సెలవుల్లో మాతోపాటే చిక్కుకుపోయారు) మాత్రం, "గూఢచారి 116లో కృష్ణగారు నవ్వుతూ చేసిన పనే ఇతను ఏడుపు ముఖంతో చేస్తున్నాడు, అంతే తేడా" అని తేల్చేశారు. ఆ సినిమా 1966 నాటిది. మాస్టారి యవ్వనం కూడా అప్పటిదే గనుక మేం ఎదురు చెప్పలేదు.

అసలు గొడవ ఆఖరి గది దగ్గర వచ్చింది. అన్ని ఊళ్లు తిరిగి, అన్ని తలుపులు బద్దలుకొట్టి, తనను తయారుచేసిన డాక్టరు ముందు నిలబడతాడు బోర్న్. తన బతుకు కాజేసినవాడిని పట్టుకున్నానని అతని నమ్మకం. మన నమ్మకం కూడా అదే. కాని అక్కడ గుర్తుకొచ్చేది వేరు. అతన్ని ఎవరూ ఎత్తుకెళ్లలేదు. తన కాళ్లమీద తానే నడిచొచ్చి, 'నేను చేస్తాను' అన్నాడు. తలకి గుడ్డ తొడిగి కుర్చీలో కూర్చోబెట్టిన ఒక మనిషిని చూపించి కాల్చమన్నారు. అతనెవరో చెప్పలేదు. మొదట వెనకాడాడు, తర్వాత కాల్చాడు. డేవిడ్ వెబ్ ఆ గదిలో జేసన్ బోర్న్ అయ్యాడు.

మా వెనకాల బల్లమీద మూడు రాత్రులూ వాచ్‌మన్ తాత కూర్చున్నాడు. ఇంగ్లీషు ముక్క రాదు. అంతదాకా నోరు మెదపని ఆ పెద్దమనిషి సరిగ్గా అక్కడ అడిగాడు: "గా కుర్చీల కూసున్నోడు ఏం తప్పు జేసిండు బిడ్డా?"

"సినిమాల చెప్పలే తాతా" అన్నాడు మావాడొకడు.

"ఎవ్వలికీ ఎర్కలేదా?"

నిజానికి బోర్న్ కూడా చివర్లో అదే అడుగుతాడు. మేడమీద తనకి తుపాకి గురిపెట్టిన కుర్ర హంతకుడిని, నన్నెందుకు చంపాలో నీకసలు తెలుసా అని నిలదీస్తాడు. వాడి చేయి కిందికి దిగిపోతుంది. మూడు సినిమాల్లోనూ ఇంతకంటే పెద్ద దెబ్బ బోర్న్ ఎవరినీ కొట్టలేదని నేనంటాను.

మావాళ్లు ఒప్పుకోలేదు. "వాడికి రోజుల తరబడి నిద్ర లేకుండా చేశారు, తల నీళ్లలో ముంచారు, అప్పుడు చేసినదానికి వాడిదెలా తప్పవుతుంది?" అన్నారు. గట్టి వాదనే. దానికి తోడు ఒకడు 2016 నాటి 'జేసన్ బోర్న్'ని సాక్ష్యానికి లాక్కొచ్చాడు. అందులో బోర్న్ తండ్రిని ఆ సంస్థవాళ్లే చంపించి, ఉగ్రవాదుల పనని నమ్మించి, ఆ కోపంతో ఇతను చేరేలా చేశారని తేలుతుంది. "చూశావా, చేరడం కూడా వాడి తప్పు కాదు!" అని అందరూ చప్పట్లు. నేను నోరు మూసుకోవలసి వచ్చింది.

నిదానం మీద తట్టిన జవాబు ఇది. ఆ తండ్రి కథ తొమ్మిదేళ్ల తర్వాత అతికించింది. 2007 సినిమాకి దాని అవసరం లేదు. హీరోని బాధితుడిగానే చూపించి పంపేస్తే జనం ఇంకా సంతోషించేవాళ్లు. అలా పంపకుండా, వాడి చేత్తోనే తలుపు తీయించి లోపల వాడినే చూపించింది. 2016లో ఆ తప్పు తీసి మళ్లీ పక్కవాడి నెత్తిన పెట్టారు. బొమ్మ అక్కడే చప్పబడింది. అయితే మూడో సినిమాలోనూ ఒక పిరికితనం ఉంది. మేడల మీద పరుగుకి ఇచ్చినంత తీరిక ఆ గదికి ఇవ్వలేదు. నిజం తెలిసిన మరుక్షణమే మళ్లీ పరుగు, తూటా, నదిలోకి దూకడం. వెంటనే టీవీ వార్తల్లో దోషుల అరెస్టులు. శవం దొరకలేదని విని నిక్కీ చిరునవ్వు, నీళ్లలో బోర్న్ కదలడం, పాట. నీళ్లలో మొదలైన కథ నీళ్లలోనే ముగిసిందని మేమూ ఈలలు వేశాం. ఈలల్లో ఆ కుర్చీ మనిషి కొట్టుకుపోయాడు. కెమెరా ఊగినందుకు కాదు గాని, అక్కడ ఆగనందుకు నాకు కోపం.

ఇంత పట్టుదల దేనికని నా మిత్రులు అడిగారు. ఆ రాత్రి చెప్పలేదు. సెకండియర్లో ఉండగా ఒక పొద్దున స్నానానికి పోతుంటే ఎవరో కాగితం ముందుకు చాపారు. మెస్సులో వడ్డించే ఒకతన్ని తీసెయ్యాలని అర్జీ. నా పైన అప్పటికే నలభై యాభై సంతకాలున్నాయి. భుజాన తువ్వాలు, చేతిలో బకెట్టు. బకెట్టు కింద పెట్టి నేనూ గీకాను. చదవలేదు. వారం తిరక్కుండా అతను వెళ్లిపోయాడు. ఏం చేశాడని తర్వాత నలుగురైదుగుర్ని అడిగాను. ఒకడు గ్యాసు అన్నాడు, ఒకడు బియ్యం అన్నాడు, ఒకడు నోటి దురుసు అన్నాడు. నన్నెవరూ నిద్ర మాన్పించలేదు, నీళ్లలో ముంచలేదు.

అతను స్టేషను రోడ్డులో ఇడ్లీ బండి పెట్టుకున్నాడని ఈమధ్య విన్నాను. సాయంత్రం పూట ఉంటాడట. ఇంకా అటు వెళ్లలేదు.