బాల్సా విమానానికి రంగెంత?

మనుమడు బాల్సాకర్రతో గ్లైడరు చేసుకున్నాడు. నేను ముచ్చటపడి దానికి మూడు పూతలు ఎనామిల్ రంగు వేయించాను. అద్దంలా మెరిసింది. విసిరితే తోక బరువుకు ముక్కు పైకెత్తి, క్షణం నిలిచి, నేలకూలింది. వాడు నన్నేమీ అనలేదు. నా బాధంతా అదే.

బాల్సా ఘనమీటరుకు సుమారు 160 కిలోలే తూగుతుంది. అంత తేలిక కర్రకు పూతే బరువు. అందునా తోక గురుత్వకేంద్రానికి దూరం. అక్కడ చేరిన ప్రతి గ్రాముకూ పొట్టి ముక్కులో అంతకు రెండు మూడింతల సీసం పెట్టవలసివస్తుంది. కనుక నునుపును ఉప్పుకాగితంతో సాధించాలి గాని రంగుతో కాదని నా అభిప్రాయం. పల్చని సీలరు ఒక పూత వేసి, ఆరాక లేచిన నూగును 400 నంబరు కాగితంతో మెల్లగా తీసి, మళ్ళీ ఒక పూత. రంగంటారా, రెక్క అంచున ఒక గీత చాలు.

కొండపల్లి బొమ్మ పొణికికర్రా తేలికైనదే. దానికి సున్నపు పూతా, పైన దట్టమైన రంగులూ శోభే. కాని అది కొలువులో కూర్చునేది, ఇది ఎగరవలసినది. 11వ శతాబ్దంలో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇదేనేమో! పిల్లలకు అలంకారశాస్త్రం పాఠం చెప్పి బతికినవాణ్ణి, నాకే తోచలేదు.

రంగుడబ్బా ఇప్పుడు బీరువాలో ఉంది. వాడు తోకను రుద్దుతున్నాడు.